సౌర తుఫాను, ఈఎంపీ (విద్యుదయస్కాంత పల్సు) వస్తే మన రేడియోలు, బ్యాటరీలు నిలబడతాయా? ముందు ఏది కాపాడుకోవాలి?

వేగుచుక్క
అందరికీ నమస్కారం. విపత్తుల సమయంలో సమాచారం చేరవేసే చిన్న స్వచ్ఛంద బృందం మాది. అందులో రేడియోల బాధ్యత నాది. మా దగ్గర ఒక 100 వాట్ల హెచ్‌ఎఫ్ (దూరాలకు అందే షార్ట్‌వేవ్) సెట్టు, కొన్ని వాకీటాకీలు, పైకప్పు మీద డైపోల్ (రెండు చేతుల తీగ) యాంటెన్నా, 12 వోల్ట్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఇన్వర్టర్, రెండు సోలార్ ప్యానెళ్లు, ఒక డీజిల్ జనరేటర్ ఉన్నాయి. 2024 మే నెలలో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పటి నుంచి మా వాళ్లలో ఒకటే టెన్షన్. ఇంతకంటే పెద్దది వస్తే ఇవన్నీ కాలిపోతాయా? కొందరు అన్నీ అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి పెట్టేద్దాం అంటున్నారు, కొందరు ఏం చేసినా వృథా అంటున్నారు. మా దగ్గర డబ్బు తక్కువ, చేసే చేతులూ తక్కువే. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ముందుచూపు
ఆలస్యం చేయకండి. ఎలక్ట్రానిక్ వస్తువు ప్రతిదీ ఫాయిల్‌లో చుట్టి ఇనప పెట్టెలో పెట్టండి. 1859లో వచ్చినంత భారీ సౌర తుఫాను ఇప్పుడు వస్తే జేబులో ఉన్న ఫోన్లతో సహా అన్నీ మాడిపోతాయి.

సబ్‌స్టేషన్
ముందుచూపు గారూ, అక్కడే ఒక మాట చెప్పాలి. సౌర తుఫానుకు జేబులో ఫోను కాలదు. ఇది తేలకపోతే వేగుచుక్క గారి డబ్బంతా తప్పు చోటికి పోతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూర్యుడి నుంచి వచ్చిన ప్లాస్మా మేఘం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తుంది. ఆ కుదుపు నెమ్మదైనది, సెకన్ల నుంచి నిమిషాల లెక్కలో సాగుతుంది. దానివల్ల నేలలో పుట్టే విద్యుత్ క్షేత్రం కిలోమీటరుకు కొన్ని వోల్ట్లు మాత్రమే. ఫోను పొడవు పదిహేను సెంటీమీటర్లు. అంత చిన్న దూరంలో పుట్టే వోల్టేజీ లెక్కలోకి రాదు. అదే వందల కిలోమీటర్ల కరెంటు లైను అయితే ఆ వోల్ట్లన్నీ కలిసి, దాదాపు డీసీ లాంటి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ (నేలకు కలిపిన కొస) గుండా ప్రవహిస్తుంది. ఏసీ కోసం కట్టిన ఇనప కోర్ ఆ డీసీని తట్టుకోలేక ప్రతి సైకిల్‌లో ఒక సగంలో సాచురేట్ అవుతుంది, అంటే ఇక అయస్కాంతత్వాన్ని మోయలేని స్థితికి వస్తుంది. కోర్ లోపల ఉండాల్సిన ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) బయటికి చిమ్మి ట్యాంకు గోడల్ని, క్లాంపుల్ని వేడెక్కిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రొద మారిపోతుంది, హార్మోనిక్స్ (మామూలు ఏసీలో కలిసే అనవసర పై ఫ్రీక్వెన్సీలు) పుడతాయి.

1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్‌లో జరిగింది ఇదే. హార్మోనిక్స్ దెబ్బకు వోల్టేజీని నిలబెట్టే పరికరాలు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయ్యాయి. దాదాపు 90 సెకన్లలో గ్రిడ్ మొత్తం కూలింది. 60 లక్షల మంది సుమారు 9 గంటలు చీకట్లో ఉన్నారు. ఇళ్లలోని రేడియోలేమీ కాలలేదు, కరెంటు పోయింది. 1859లోనూ దెబ్బ తగిలింది టెలిగ్రాఫ్ లైన్లకే. బోస్టన్, పోర్ట్‌లాండ్ ఆపరేటర్లయితే బ్యాటరీలు తీసేసి, లైన్లో తనంతట తాను పుట్టిన కరెంటుతోనే దాదాపు రెండు గంటలు సందేశాలు పంపుకొన్నారు.

అంటే సౌర తుఫానులో మీకు వచ్చే కష్టం కాలిపోయిన సెట్టు కాదు, ఎక్కువ రోజులు కరెంటు లేకపోవడం. దీనికి ఫాయిల్ పనికిరాదు, బ్యాటరీ పనికొస్తుంది.

వేగుచుక్క
సబ్‌స్టేషన్ గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. మరి ఆ సమయంలో మా హెచ్‌ఎఫ్ సెట్టు పని చేస్తుందా? కరెంటు ఒక్కటి ఉంటే చాలా?

ఏడు_మెగాహెర్ట్జ్
చాలదండీ. సెట్టు బాగానే ఉంటుంది కానీ ఆకాశం సహకరించకపోవచ్చు. రెండు దశలుంటాయి.

మొదటిది సౌర జ్వాల. దాని ఎక్స్‌ కిరణాలు వెలుగుతో పాటే, 8 నిమిషాల్లో భూమికి వస్తాయి. పగలున్న వైపు అయనావరణం (హెచ్‌ఎఫ్ తరంగాల్ని నేలకు తిప్పి పంపే పై వాతావరణం) కింది పొర చిక్కబడి హెచ్‌ఎఫ్ తరంగాల్ని మింగేస్తుంది. కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల దాకా బ్యాండు (మనం వాడే ఫ్రీక్వెన్సీల వరస) నిశ్శబ్దం. 2017 సెప్టెంబరు 6న కరీబియన్‌లో ఇర్మా హరికేన్ విరుచుకుపడుతున్న రోజే ఎక్స్9.3 (అత్యంత తీవ్రమైన తరగతి) జ్వాల వచ్చింది. సహాయక చర్యల్లో ఉన్న హెచ్‌ఎఫ్ రేడియో బృందాలకు సరిగ్గా అవసరమైనప్పుడే సిగ్నల్ పోయింది.

మీ ఆపరేటర్లకు ఇది తప్పకుండా నేర్పండి: సెట్టు ఆన్‌లోనే ఉంటుంది, మీటర్లు వెలుగుతుంటాయి, దూరం స్టేషన్లతో పాటు మామూలుగా వినిపించే గరగర కూడా పడిపోతుంది. కొత్తవాళ్లు సెట్టు పాడైందనుకుని ఫ్యూజులు పీకడం, మెనూల్లో సెట్టింగులు మార్చడం మొదలుపెడతారు. ఏదీ ముట్టుకోకుండా పై బ్యాండ్లకు మారి చూడాలి. కింది ఫ్రీక్వెన్సీల మీదే ఈ దెబ్బ ఎక్కువ, కాబట్టి తిరిగి తెరుచుకోవడం పైనుంచి మొదలవుతుంది.

రెండోది ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత వచ్చే అయస్కాంత తుఫాను. అప్పుడు వరస తిరగబడుతుంది. పై బ్యాండ్లు రోజుల తరబడి మూసుకుపోవచ్చు, 7 మెగాహెర్ట్జ్, 3.5 మెగాహెర్ట్జ్ మీద ఆధారపడాలి. డైపోల్‌ను మరీ ఎత్తున కట్టకుండా నేలకు దగ్గరగా కడితే సిగ్నల్ నిట్టనిలువుగా పైకెళ్లి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్లు వర్షంలా దిగుతుంది. స్థానికంగా వాకీటాకీల వీహెచ్‌ఎఫ్‌కు (హెచ్‌ఎఫ్ కంటే పై ఫ్రీక్వెన్సీలు) ఈ రెండు దశల్లోనూ పెద్దగా ఇబ్బంది ఉండదు. అందుకే మీ ప్లాన్ ఒక్క బ్యాండు మీద నిలబడకూడదు.

ముందుచూపు
సరే, సౌర తుఫాను సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఎత్తులో అణ్వాయుధం పేలితే వచ్చే ఈఎంపీ మాటేమిటి? 1962లో హవాయిలో వీధి దీపాలు పోయాయి కదా.

సబ్‌స్టేషన్
ఆ ప్రశ్న సరైనదే, దానికి జవాబు వేరు. 1962 జులైలో అమెరికా స్టార్‌ఫిష్ ప్రైమ్ పరీక్షలో 1.4 మెగాటన్నుల బాంబును దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున పేల్చారు. సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలోని హవాయిలో కొన్ని వీధి దీపాల వరసలు ఆరిపోయాయి, దొంగల అలారాలు మోగాయి, ఒక టెలిఫోన్ మైక్రోవేవ్ లింకు దెబ్బతింది. అదే ఏడాది సోవియట్ యూనియన్ కజకిస్తాన్ మీద చేసిన పరీక్షలో 570 కిలోమీటర్ల టెలిఫోన్ లైను దెబ్బతింది. భూమిలో పాతిన కరెంటు కేబుల్ కూడా తప్పించుకోలేదు. పాతి పెడితే చాలు అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఈఎంపీలో మూడు భాగాలు. ఈ1 నానో సెకన్లలో లేచి పడిపోతుంది, మీటరుకు 50,000 వోల్ట్ల దాకా ఉండొచ్చని ప్రమాణాల్లో లెక్క కడతారు. ఈ2 పిడుగు లాంటిది. ఈ3 పైన చెప్పిన సౌర తుఫాను లాంటిది, నెమ్మదైనది. సూర్యుడి నుంచి ఈ1 రాదు. మీ ఫాయిలూ పెట్టే అక్కరకొచ్చేది ఈ ఒక్క ఈ1 కోసమే.

ఈ1లోనైనా ముందు దెబ్బతినేది పొడుగు తీగ తగిలించి ఉన్న పరికరం. అమెరికా ఈఎంపీ కమిషన్ 2008 నివేదికలో కార్ల పరీక్ష ఒకటుంది. 37 కార్లను ఈఎంపీ సిమ్యులేటర్‌లో పెట్టి చూశారు. నడుస్తున్న వాటిలో మూడు మాత్రం మీటరుకు సుమారు 30,000 వోల్ట్లు, ఆపైన ఉన్నప్పుడు ఇంజను ఆగిపోయాయి, మళ్లీ స్టార్ట్ చేస్తే నడిచాయి. ఒక కారు డాష్‌బోర్డు ఎలక్ట్రానిక్స్ పాడై బాగు చేయాల్సి వచ్చింది. మిగతావాటిలో చాలావాటికి డాష్‌బోర్డు లైట్లు మినుకుమనడం లాంటి చిన్న ఇబ్బందులే. అన్నీ మాడిపోతాయనీ, ఏమీ కాదనీ రెండు రకాల వాదనలూ ఆ నివేదిక ముందు నిలవవు.

రాగితీగ
సబ్‌స్టేషన్ గారి మాటలో అసలు విషయం తీగ పొడవు. వేగుచుక్క గారూ, మీ గదిలోకి బయటినుంచి వచ్చే తీగలు ఎన్నో ముందు లెక్కపెట్టండి. కరెంటు లైను, యాంటెన్నా కోయాక్స్ కేబుల్, రొటేటర్ (యాంటెన్నాను తిప్పే మోటారు) ఉంటే దాని కంట్రోల్ కేబుల్, సోలార్ వైర్లు, ఇంటర్నెట్ కేబుల్. ఏ దెబ్బ తగిలినా వీటిలో ఒక దాని మీదుగానే వస్తుంది. పిడుగైనా అంతే. పిడుగు అన్నింటికంటే ఎక్కువసార్లు పడేది కాబట్టి దానికి పక్కాగా ఏర్పాటు చేసుకుంటే ఈ2కు కూడా చేసినట్టే, ఈ1కు సగం దూరం నడిచినట్టే.

నేను చూసిన చాలా స్టేషన్లలో కనిపించే లోపం ఒకటే. కరెంటుకు ఒక ఎర్త్ రాడ్డు, యాంటెన్నాకు ఇంటి అవతలి పక్కన ఇంకో రాడ్డు, రెండింటికీ మధ్య కలుపు తీగ ఉండదు. పక్కన పిడుగు పడితే ఆ రెండు రాడ్ల మధ్య నేలలోనే వేల వోల్ట్ల తేడా వస్తుంది. ఆ తేడా సర్దుకునే దారి మీ రేడియో లోపలి నుంచే: కోయాక్స్ షీల్డు (తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు) నుంచి లోపలికి, పవర్ సప్లై నుంచి బయటికి. రాడ్లు ఎన్నున్నా ఫర్వాలేదు, కానీ అన్నింటినీ మందపాటి తీగతో ఒకటిగా కలపాలి. గది గోడ దగ్గర ఒక రాగి పలక పెట్టి, కోయాక్స్ అరెస్టర్ (పిడుగు దెబ్బను ఎర్త్‌కు మళ్లించేది), సర్జ్ ప్రొటెక్టర్ ఎర్త్, సోలార్ ఎర్త్ అన్నీ దాని మీదికే తేవాలి.

రెండో లోపం, ఎర్త్ తీగను అందంగా మూలలు తిప్పి పొడుగ్గా లాగడం. తిన్నగా ఉన్న తీగకు మీటరుకు దాదాపు 1 మైక్రో హెన్రీ ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటుకు అడ్డుపడే గుణం) ఉంటుంది. మైక్రో సెకనులో 1,000 ఆంపియర్ల చొప్పున కరెంటు పెరిగితే మీటరుకు 1,000 వోల్ట్లు ఆ తీగ మీదే నిలుస్తాయి. మూడు మీటర్ల ఎర్త్ తీగ వేస్తే, ప్రొటెక్టర్ ఎంత మంచిదైనా మీ సెట్టు చూసేది 3,000 వోల్ట్ల పైమాటే. మల్టీమీటర్ పెట్టి చూస్తే మాత్రం ఎర్త్ బ్రహ్మాండంగా ఉన్నట్టే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కొలిచేది డీసీ నిరోధం. తీగ పొట్టిగా, వెడల్పుగా, వంపుల్లేకుండా ఉండాలి. గుండ్రటి తీగకంటే రాగి పట్టీ మేలు.

మెయిన్ బోర్డులో ఒక సర్జ్ ప్రొటెక్టర్, సెట్టు దగ్గర ఇంకొకటి వేయించండి. వాటి లోపలి ఎంఓవీ (అధిక వోల్టేజీని మళ్లించే భాగం) దెబ్బ తిన్న ప్రతిసారీ కొంత అరుగుతుంది. సూచిక లైటు ఆరిపోతే మార్చాల్సిందే. గదిలోకొచ్చే ప్రతి కేబుల్‌ను ఫెరైట్ రింగు (వేగమైన పల్సులకు అడ్డుపడే అయస్కాంత పదార్థపు రింగు) చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పండి. ఒక్క చుట్టు కంటే మూడు చుట్లకు అడ్డంకి సుమారు తొమ్మిది రెట్లు.

కొత్తగా_చేరా
నమస్తే అండీ, చిన్న డౌట్. పాడైన మైక్రోవేవ్ ఓవెన్‌ను ఫ్యారడే పెట్టెలా (బయటి తరంగాల్ని ఆపే లోహపు పెట్టెలా) వాడొచ్చా? లోపల ఫోను పెట్టి కాల్ చేస్తే మోగింది. అంటే అది పనికిరానట్టేనా?

రేకుడబ్బా
ఓవెన్ వాడకండి తల్లీ. దాని తలుపు అంచును 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర ఆపేలా తయారు చేస్తారు. ఈ1లో శక్తి ఎక్కువగా ఉండేది అంతకంటే చాలా కింది ఫ్రీక్వెన్సీల్లో. అయితే ఫోను మోగడం కూడా సరైన పరీక్ష కాదు. టవరు దగ్గరుంటే మంచి పెట్టెలోనూ మోగుతుంది, ఫోను అంత సున్నితమైన రిసీవర్. టవరు దూరమైతే ఏ పెట్టెలోనైనా మోగదు. ఒక చిన్న రేడియోను దగ్గరి ఎఫ్‌ఎం స్టేషనుకు, ఆ తర్వాత మీడియం వేవ్ స్టేషనుకు పెట్టి, గట్టిగా పాడుతుండగా లోపల పెట్టి మూత వేయండి. రెండూ పూర్తిగా ఆగిపోతే నమ్మకం కలుగుతుంది. ఎఫ్‌ఎం ఒక్కటి ఆగి, మీడియం వేవ్ వినిపిస్తూ ఉంటే గోడ పలచగా ఉన్నట్టు.

పెట్టె విషయంలో రేకు మందం కంటే సందే ముఖ్యం. 100 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు అల్యూమినియంలో 8 మైక్రాన్ల లోతులోనే చాలావరకు ఆగిపోతుంది, వంటింటి ఫాయిల్ దానికి దాదాపు రెండింతలు మందం. కానీ మూత చుట్టూ సన్నటి పొడుగాటి చీలిక మిగిలితే అది స్లాట్ యాంటెన్నాలా పని చేసి తరంగాల్ని లోపలికి వదులుతుంది. గుండ్రటి చిన్న చిల్లుల కంటే ఈ చీలిక ప్రమాదకరం. గాల్వనైజ్డ్ రేకు డబ్బా మూతను తీసి అంచులు చూడండి. పెయింటు, తుప్పు, రబ్బరు ఉంటే అక్కడ లోహం లోహాన్ని తాకడం లేదు. గీకి మెరిసేలా చేసి, జిగురు కూడా విద్యుత్తును ప్రవహింపజేసే అల్యూమినియం టేపుతో చుట్టూ అతికించండి. మామూలు ఫాయిల్ టేపులో జిగురే అడ్డం పడుతుంది. లోపల అట్ట వేయండి, వస్తువు లోహానికి తగలకూడదు.

ఇంకొకటి, డబ్బా గోడకు చిల్లు పెట్టి ఛార్జింగ్ వైరు లోపలికి పంపారంటే ఆ తీగే బయటి పల్సును మోసుకెళ్లి లోపల దింపుతుంది. ఇక డబ్బా ఉన్నా లేనట్టే.

ముందుచూపు
డబ్బాకు ఎర్త్ చేయాలా? నేను చదివిన చోట తప్పనిసరి అన్నారు.

రేకుడబ్బా
విడిగా మూసిపెట్టిన డబ్బాకు ఎర్త్ అక్కర్లేదు. కవచం పని చేసేది దాని గోడల్లో తిరిగే కరెంటు వల్ల, నేలకు పోయే తీగ వల్ల కాదు. ఎర్త్ కోసం పొడుగు తీగ కడితే డబ్బాకు ఒక యాంటెన్నా తగిలించినట్టు. కరెంటు కేబుళ్లు లోపలికెళ్లే పెద్ద షీల్డెడ్ గది అయితే వేరు, అక్కడ మనుషుల భద్రత కోసం ఎర్త్ ఉండి తీరాలి. మీరు చదివింది అలాంటి గది గురించి అయ్యుండొచ్చు.

టవర్‌మీద
మొబైల్ నెట్‌వర్క్ మీద ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట. టవరు దగ్గర బ్యాటరీలు కొన్ని గంటలకే సరిపోతాయి, ఆ తర్వాత జనరేటర్‌కు ఎవరో డీజిల్ మోసుకెళ్లాలి. పైగా చాలా టవర్లు ఒకదానితో ఒకటి సమయం కలుపుకోవడానికి జీపీఎస్ మీద ఆధారపడతాయి. తుఫానులో జీపీఎస్ సిగ్నల్ తడబడితే లోపలి గడియారం కొంతసేపు నెట్టుకొస్తుంది, ఆ తర్వాత పక్క టవర్లతో గొడవే. ఫైబర్ గాజు కాబట్టి దానికి ఏమీ కాదు కానీ, దాని రెండు చివర్లా ఉన్న పెట్టెలకు కరెంటు కావాలి.

బ్యాటరీగది
ఇప్పటిదాకా రేడియోల గురించే మాట్లాడారు. నా అనుభవంలో ముందు చేతులెత్తేసేది కరెంటు వైపే, అది కూడా లెక్క వేసుకోకపోవడం వల్ల. వేగుచుక్క గారి బ్యాటరీ 100 ఆంపియర్ అవర్ అనుకుందాం. 12 వోల్ట్ల మీద 1,200 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌ను సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు పడిపోతుంది, కాబట్టి చేతిలో ఉన్నది 600.

హెచ్‌ఎఫ్ సెట్టు వింటున్నప్పుడు 1 ఆంపియర్, పూర్తి పవరుతో పంపుతున్నప్పుడు 20 ఆంపియర్లు తీసుకుంటుంది. గంటలో ఆరు నిమిషాలు మాట్లాడి మిగతా 54 నిమిషాలు వింటే దాదాపు 3 ఆంపియర్ అవర్లు. అంటే పదహారు పదిహేడు గంటలు. అదే పవరును 20 వాట్లకు తగ్గించి, ప్రతి గంటా మొదటి పది నిమిషాలు మాత్రమే సెట్టు ఆన్ చేయాలని బృందమంతా ఒప్పందం చేసుకుంటే అదే బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది. కొత్త బ్యాటరీ కొనడం కంటే ఈ టైంటేబుల్ విలువైనది.

ఇక ఇన్వర్టర్. ఏమీ తగిలించకుండా ఊరికే ఆన్‌లో ఉంచినా చాలా ఇన్వర్టర్లు 10 నుంచి 20 వాట్లు తాగేస్తాయి. 15 అనుకుంటే 24 గంటలకు 360 వాట్ అవర్లు, మీ 600లో సగానికి పైగా! రేడియో, 12 వోల్ట్ల రౌటర్, 12 వోల్ట్ల ఎల్‌ఈడీ దీపం అన్నీ బ్యాటరీకి నేరుగా నడిచేవే. బ్యాటరీ నుంచి ఏసీకి, మళ్లీ అడాప్టర్‌తో డీసీకి ఎందుకు మార్చాలి? నేరుగా 12 వోల్ట్ల లైను వేసి ప్రతి శాఖకూ ఫ్యూజు పెట్టండి, మెయిన్ ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే ఉండాలి.

ఈ1 దృష్టితో చూసినా ఇదే మేలు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఎలక్ట్రానిక్స్ లేవు, దాన్ని డబ్బాలో పెట్టనక్కర్లేదు. పెట్టకూడదు కూడా, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, మూసిన పెట్టెలో అది పేలుడుకు దారి తీస్తుంది. లిథియం బ్యాటరీలో మాత్రం బీఎంఎస్, అంటే సెల్స్‌ను కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. సోలార్ ప్యానెల్ కంటే దాని నుంచి వచ్చే పొడుగు తీగల చివరున్న ఛార్జ్ కంట్రోలర్‌కే (బ్యాటరీ ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) ముప్పెక్కువ. స్పేర్‌గా ఏదైనా కొని డబ్బాలో దాచాలంటే నా ఓటు రెండో కంట్రోలర్‌కే.

వేగుచుక్క
ఇన్వర్టర్ లెక్క చూసి నిజంగా ఆశ్చర్యపోయాను బ్యాటరీగది గారూ. మాది రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంటుంది. జనరేటర్ సంగతి కూడా చెప్పండి.

బ్యాటరీగది
ఇంజను గట్టిదే, సున్నితమైనది ఏవీఆర్, అంటే వోల్టేజీని సర్దే చిన్న బోర్డు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మీ మోడల్‌కు సరిపోయేది ఒకటి తెచ్చి, ఒకసారి బిగించి నడిపి చూశాకే డబ్బాలో పెట్టండి. పరీక్షించని స్పేరును నమ్ముకోవద్దు. ఎలక్ట్రానిక్ గవర్నర్ (ఇంజను వేగాన్ని సర్దేది) ఉంటే దాని కంట్రోలర్‌కూ ఇదే వర్తిస్తుంది. నెలకోసారి సగానికి తగ్గని లోడు మీద నడపండి. డీజిల్ పాతబడితే అడుగున నీరు, మడ్డి చేరి ఫిల్టరు మూసుకుపోతుంది.

చేతులు జోడించి చెబుతున్నాను, జనరేటర్‌ను ప్లగ్ సాకెట్ ద్వారా ఇంటి వైరింగ్‌కు ఎప్పుడూ కలపకండి. చేంజోవర్ స్విచ్చు ఉండి తీరాలి. లేకపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి వేల వోల్ట్లయి, అవతల లైను బాగు చేస్తున్న మనిషి ప్రాణం తీస్తుంది. గదిలోపల నడపకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఏడు_మెగాహెర్ట్జ్
డబ్బాలో ఏం పెట్టాలో నా వరస: ఒక చిన్న హెచ్‌ఎఫ్ సెట్టు లేదా పాతదే, రెండు వాకీటాకీలు, వాటి ప్రోగ్రామింగ్ కేబుల్, ఛార్జ్ కంట్రోలర్, ఏవీఆర్, కోయాక్స్ కనెక్టర్లు. రోజూ వాడే సెట్టు బయటే ఉండాలి. వాడని సెట్టు మీద ఎవరి చెయ్యీ తిరగదు. కేబుల్ సంగతి మరిచిపోకండి, ప్రోగ్రాం పోయిన డిజిటల్ వాకీటాకీ కేబుల్ లేకపోతే ఎందుకూ పనికిరాదు. ఫ్రీక్వెన్సీలు, కలుసుకునే వేళలు కాగితం మీద రాసి లామినేట్ చేయించండి.

వేగుచుక్క
ఆఖరి ప్రశ్న. యాంటెన్నా ఎప్పుడు పీకాలి? ముందే తెలుస్తుందా?

ఏడు_మెగాహెర్ట్జ్
ఈఎంపీకి హెచ్చరిక ఉండదు. అందుకే వాడనప్పుడు పీకి ఉంచడమే అలవాటు కావాలి. సౌర తుఫానుకు మాత్రం సమయం ఉంటుంది. మేఘం సూర్యుడి నుంచి బయల్దేరినట్టు ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది. దాని అయస్కాంత దిశ ఎటుందో, అంటే అసలు దెబ్బ ఎంతో, తేలేది మాత్రం భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్1 అనే బిందువు దగ్గరున్న ఉపగ్రహాలను దాటాకే. అక్కడి నుంచి మనకు పావుగంట నుంచి గంట. ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి నుంచి ఆ చోటే ఉంది. హెచ్చరికలు తీవ్రతను బట్టి జీ1 నుంచి జీ5 దాకా ఉంటాయి. జీ4 అన్నారంటే బ్యాటరీలు నిండుగా పెట్టుకోండి, డీజిల్ చూసుకోండి, నీళ్లు పట్టుకోండి. గ్రిడ్ ఊగిసలాడి మళ్లీ వచ్చేటప్పుడు సర్జ్‌లు రావొచ్చు కాబట్టి ఛార్జర్ ప్లగ్గు తీసేయండి.

రాగితీగ
పీకాక కోయాక్స్ చివరను ఎక్కడ పెడతారో అదీ చూసుకోండి. చాలామంది సెట్టు వెనకాలే టేబుల్ మీద వదిలేస్తారు. పిడుగు అర అడుగు గాలిని సులువుగా దూకేస్తుంది. గోడ బయట, రాగి పలక దగ్గరే కనెక్టర్ విప్పి, యాంటెన్నా వైపు చివరను పలకకు బిగించిన షార్టింగ్ కనెక్టర్‌కు (లోపలి తీగనూ షీల్డునూ కలిపేసేది) తగిలించండి. అవతలి ముక్క, అంటే గదిలోకొచ్చే పొట్టి కోయాక్స్, ఒక మీటరు దాటకుండా చూసుకోండి. దూరం నుంచి ఉరుము వినపడగానే ఈ పని చేయకండి, అప్పటికే ఆలస్యం. సెట్టు ఆపిన ప్రతిసారీ చేయండి.